మచ్చ పడని సెగ

“జూన్ రెండో తారీఖు డాక్టరమ్మా. బాగ యాదికున్నది. ఇస్కూల్ కాడ జెండా ఎగరేసి మిఠాయి పంచిన్రు. ఆ పొద్దు మా ఇంట్ల జొన్నరొట్టె, బొక్కల పులుసు. పిల్ల రెండున్నర రొట్టెలు తిన్నది. ఇంకో గంటెడు పులుసు పొయ్యమన్నది.”

“తిండి ముచ్చట అడిగిన్నా నిన్ను? దొడ్డికి పోతె రక్తం ఎప్పటి సంది పడుతున్నదని అడిగిన.”

“అదే చెప్తున్న గద. పొట్టనిండ తిన్న ఆఖరి పొద్దు అది. తెల్లారి మొదలైంది.”

“ఇయ్యాల జూలై పదకొండు. అంటే నలభై దినాలు! నలభై దినాలు ఇంట్ల పెట్టుకొని కూసున్నవా పరశురాములన్నా?”

కోస్గి బస్టాండు వెనక సందులో, ఆక్యుపంక్చర్ సూదులతో, సెగతో వైద్యం చేసే సంధ్య నడిపే ప్రకృతి వైద్యశాల ముందు గది. దీపాలు పెట్టే వేళ. లోపలి గదిలో పరశురాములు కూతురు మల్లిక మంచం మీద పడుకొని ఉంది. రెండు గదులకూ నడుమ ఉన్నది ఒక పచ్చ పరదా మాత్రమే.

“మెల్లగ మాట్లాడు డాక్టరమ్మా. ఇప్పుడే జర నిద్రవట్టింది.”

“నిద్ర గాదది. ఒంట్ల రక్తం లేక సోలిపోయింది. నాడి నూట ముప్పై కొడుతున్నది. జ్వరమున్నది. కడుపు ఉబ్బి గట్టిపడ్డది, వేలు పెడితే మొత్తుకుంటున్నది. పొద్దటి సంది ఎన్నిసార్లు పోయింది?”

“లెక్కవెట్టలే.”

“ఎన్నిసార్లు?”

“పన్నెండు. కాదు, పద్నాలుగు. దార్ల రెండుసార్లు ఆటో ఆపినం. ఆటో ఆయన మంచోడు, ఒక్క మాట అడగకుంట మొకం అటు తిప్పుకొని నిలవడ్డడు. సీటు కడుగుతనంటే గూడ వద్దన్నడు.”

“ఆటో ఆయనకు ఉన్న తెలివి నీకు లేకపాయె. నలభై దినాలు రక్తం పడుతుంటే నీకు ఎరుకలేదా?”

“ఎందుకు ఎరుకలేదు? బట్టలు ఉతికేది నేనే. దాని తల్లి పోయి ఆరేండ్లాయె. ఆడపిల్ల బట్టలు తండ్రి ఉతుకుడేందని పక్కింటోళ్ళు నవ్విన్రు. నవ్వనియ్యి అన్న. ఎంత పడుతున్నదో నీకన్న నాకే ఎరుక.”

“ఎరుకుండి తేలేదు! సరె. ఇప్పుడు మాటలు పెట్టుకుంటే పని గాదు. నూట ఎనిమిదికి ఫోన్ చేసిన. బండి కొడంగల్ నుంచి రావాలె, అరగంట పడుతదట. పట్నం పెద్ద దవాఖానకు పోతున్నరు మీరు.”

“పోము.”

“ఏంది?”

“పోమంటున్న. బండిని రావొద్దని చెప్పు. నీ దగ్గరికి తెచ్చిన, నువ్వే చూడు. సూదులు పెట్టు. ఆ సెగ పెట్టు. శివరాత్రి ముంగట గిట్లనే తెస్తిమి గదా. గోడ పట్టుకొని వచ్చె. నువ్వే నడిపిచ్చినవు.”

“అప్పుడు గిట్ల లేదు.”

“గిట్లనే ఉండె.”

“లేదన్నా! అప్పుడు గోళీలు తింటుండె. పట్నం డాక్టరు రాసిచ్చిన గోళీలు లోపల పేగుల పుండును మాన్పుతుండె. నా సూదులు, నా సెగ నొప్పి తగ్గనీకి, నిద్ర పట్టనీకి, జర ఆకలి పుట్టనీకి. గంతే. పుండు మాన్పుడు నా చేతుల లేదు. నాడు గూడ చెప్పిన.”

“నాడు గంతే అనలే నువ్వు.”

“మరేమన్న?”

“‘చూడున్రి, ఎట్ల లేచి తిరుగుతున్నదో’ అన్నవు. ఊరు ఊరంత ఉండంగ అన్నవు.”

“ఆ ముచ్చట పక్కన బెట్టు. గోళీలు వేసుకుంటున్నదా, లేదా?”

“వేసుకుంటున్నది.”

“నా మొకం చూసి చెప్పు.”

“నీ మొకమే చూస్తున్న.”

“మీ సంచిల చూసిన అన్నా. ఏప్రిల్ల కొన్న డబ్బాలు. రెండింటికి మూత మీది కాగితం గూడ తియ్యలే.”

“ఆ సంచి ఇటియ్యి.”

“ముందుగాల చెప్పు అన్నా.”

“ఆపినం.”

“ఎవరు ఆపిన్రు?”

“ఆపినమంటున్న గదా. ఎవరైతె ఏంది?”

“ఎవరు?”

“నేనే! నేనే ఆపిన. ఏం జేస్తవు?”

“ఆ గోళీలు ఒక్కపారే ఆపొద్దు. ఒంటికి అలవాటైన మందు, మెల్లగ తగ్గియ్యాలె. ఆపితే పుండు ఒకదిక్కు లేస్తది, మనిషి ఒకదిక్కు కూలుతది. చెప్పలేదా పట్నంల?”

“చెప్పిన్రేమో. వాళ్ళు చెప్పేది సగం ఇంగ్లీషు, సగం తొందర.”

“ఆపినవు. ఆపి ఊకున్నవా? ఆ కడుపు మీద ఏందవి?”

“ఏవి?”

“ఏవా? అంగీ లేపి నేనే చూసిన. ఏందవి అంటున్న.”

“దెబ్బ తాకింది.”

“దెబ్బ!”

“పొయ్యి కాడ… జర…”

“పొయ్యి వచ్చి బొడ్డుకు రెండు దిక్కుల సమానంగ కాలిస్తదా? రూపాయి బిళ్ళంత ఒక్కొక్కటి. ఒకటి చీము పట్టింది. నాకు తెల్వదనుకున్నవా? మీరు ఎర్రగ కాల్చి గొర్లకు సురకలు పెట్టే ఇనుప కడ్డీ గాదా అది?”

“అయితే?”

“అయితేనా?”

“అయితే ఏంది డాక్టరమ్మా? మా తాత పెట్టిండు, మా నాయిన పెట్టిండు. గొర్రెకు కడుపుబ్బితే డొక్కల సురక పెడితం, లేచి మేస్తది. నాకు కండ్లు పచ్చగై పస్కలైతే మా అవ్వ జబ్బకు పెట్టింది. ఇగో, మచ్చ చూడు. సచ్చిన్నా? బతికే ఉన్న గదా. నువ్వు పెడితే వైద్యం, మేం పెడితే పాపమా?”

“నేను కాల్చలే! ఎండిన మాచిపత్రి ఆకు చుట్టిన కడ్డీ అంటిచ్చి తోలుకు రెండు వేళ్ల ఎడంల పట్టుకుంట. తాకనియ్య. ఎర్రబడితే తీసేస్త. పిల్లకు యాడ సుర్రుమంటదో అని నా వేలు పక్కన బెట్టి చూసుకుంట. గీ వేలు చూడు, ఎన్నిసార్లు బొబ్బలెక్కిందో.”

“నిప్పు నిప్పే గదా.”

“నిప్పు నిప్పే గాదు! చలికాలం గొర్రెను ఎండల నిలబెట్టుడు, ఎత్తి మంటలేసుడు ఒకటేనా?”

“మగ్గాల ఇంటి పిల్లవు నువ్వు. గొర్ల ముచ్చట నీకేం ఎరుక?”

“గొర్ల ముచ్చట నాకొద్దు. నేను మనిషి ముచ్చట మాట్లాడుతున్న.”

“మచ్చ పడని సెగ రోగాన్ని ఏం పట్టుకుంటది? మా ఇండ్లల్ల అందరు అనేదే.”

“మీ ఇండ్లల్ల అందరు అంటరు, కాల్చినంక చీము పడితే అదొక్కటి ఎవరూ అనరు. ఇను. దవాఖానల దాని బట్ట లేపంగనే అడుగుతరు. వయసు పిల్ల ఒంటి మీద కాలిన మచ్చలుంటే రాసుకుంటరు, పోలీసోళ్ళు వస్తరు. ఏం చెప్తవు?”

“నేనే కాల్చిన అని చెప్త.”

“జైల్ల ఏస్తరు.”

“ఏసుకోనియ్యి. జీవాలను మా తమ్ముడు చూసుకుంటడు.”

“అంటే పోలీసుకు భయం లేదు.”

“ఎందుకు భయం?”

“మరి బండెక్కనీకి ఏం రోగం?”

“మాటిచ్చిన.”

“ఎవరికి?”

“ఎవరికో ఒకరికి ఇచ్చిన. మాటంటే మాట.”

“నీ మాట కోసం పిల్లను చంపుకుంటవా?”

“ఏయ్, డాక్టరమ్మా! ఆ మాట అనకు. ఇంకోసారి ఆ మాట నీ నోటికెళ్ళి రావొద్దు.”

“వస్తది. నూరుసార్లు వస్తది. ఎవరికి ఇచ్చినవు మాట?”

“…దానికే.”

“మల్లికకా?”

“పోయినేడు పట్నంల ఏమన్నరో నీకు చెప్పలేదా? ఇంకోసారి గిట్ల ముదిరితె పెద్దపేగు తీసేసి, కడుపుకు తూటు పెట్టి, దొడ్డి పడనీకి సంచి కడతమన్నరు. ఇరవై మూడేండ్ల పిల్ల ముంగట, కూరగాయల బేరం లెక్క చెప్పిన్రు. బస్సు ఎక్కినప్పటి సంది ఇంటి దాక మాట్లాడలే అది. ఇంటికొచ్చి, నా చెయ్యి తీసి దాని నెత్తి మీద పెట్టుకున్నది. ‘నాయినా, నన్ను మళ్ళ అక్కడికి తీసుకపోవద్దు’ అన్నది. తీసుకపోను బిడ్డా అన్న. ఏమనాలె మరి? నువ్వైతె ఏమంటవు?”

“నేనైతె…”

“చెప్పు. ఏమంటవు?”

“సంచి తోని బతుకుతరన్నా. నా దగ్గరికి ఒకాయన వస్తడు. సంచి కట్టుకొనే కిరాణా దుకాణం నడుపుతడు. పోయిన్నెల యాదగిరిగుట్ట మెట్లు ఎక్కి ప్రసాదం తెచ్చిచ్చిండు. అంగీ లోపట ఉన్నదని చెప్తె తప్ప తెల్వదు. అయినా సంచి దాక పోకపోవచ్చు. రక్తం ఎక్కిచ్చి, గట్టి మందులు ఎక్కిస్తె ఆగొచ్చు. ఈ రాత్రికి గాని పేగు పగిలిందనుకో…”

“పగలదు.”

“నువ్వు చెప్తె ఇంటదా పేగు?”

“నువ్వు సూదులు పెడితె ఇంటది. ఒక్కసారి పెట్టు. ఒక్కటంటే ఒక్కసారి.”

“పెట్ట.”

“కాళ్ళు పట్టుకోవాల్నా?”

“పెట్ట అంటున్న! ఇప్పుడు దానికి సూది పెడితె వైద్యం గాదు అది, మోసం.”

“మరి ఇన్నొద్దులు చేసింది ఏంది?”

“జరుగు, బండి వస్తున్నదేమో చూస్త.”

“చెప్పు డాక్టరమ్మా. ఇప్పుడు మోసమైంది, అప్పుడు ఎట్ల వైద్యమైంది? నాలుగు నెలలు మంగళవారం మంగళవారం మూడు గంటలకు లేచి, గొర్ల పాలు పిండి, మొదటి బస్సుకు తెచ్చిన. నాలుగు నెలలు నిన్ను దేవతన్న. ఇప్పుడు నా బిడ్డ లోపల సోలిపోయి ఉంటె, నాది గాదు పొమ్మంటున్నవు!”

“పొమ్మంటలేను, నాతోని రమ్మంటున్న! నేను గూడ బండెక్కుత. నల్లగొండల మా నాయిన గిట్లనే మగ్గం గుంతల కూసొని ‘పోను’ అన్నడు. కడుపునొప్పేగదా అన్నడు. పెద్దమనిషి, మాట ఎట్ల తీసేస్తమని విన్న. నాలుగో దినం పోయిండు. గందుకే నీ మాట వినను. మొత్తుకో, తిట్టు, కొట్టు. వినను.”

“…మీ నాయిన ముచ్చట నాకు తెల్వదు.”

“తెల్వాల్సిన పని లేదు.”

“నీళ్ళు తాగు. ఇగో, ఈ బుడ్డిల ఉన్నయ్, మొకాన జర చల్లుకో.”

“నాకేం వద్దు. ఒక్క మాట చెప్పు. దవాఖానల నేను చెప్పాలె. ఎన్ని సురకలు పెట్టినవు?”

“మూడో, నాలుగో.”

“ఎన్ని?”

“నాలుగు.”

“ఆరున్నయ్. కడుపుకు నాలుగు, కాళ్ళకు రెండు.”

“ఆ, ఆరే. గాబరల మర్చిన.”

“కాళ్ళకు యాడ పెట్టినవు?”

“పిక్కల మీద.”

“పిక్కల మీద లేవు. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంల, ఎముక పక్కన. నేను పెన్నుతోని చుక్క పెట్టే జాగ అది. నువ్వు ఏనాడన్న ఆ పరదా దాటి లోపలికి వచ్చినవా? పిల్ల సిగ్గు పడుతదని బయట మెట్ల మీద కూసుండెటోనివి.”

“అదే చెప్పింది, నేను పెట్టిన.”

“గొర్రెకు మీరు గీత పెడతరు. మద్దూరు సంతల నేను గూడ చూసిన. బారుగ గీత. గివి చుక్కలు. కొలిచి పెట్టిన చుక్కలు. కడ్డీ మొన తోని, వణకకుంట పెట్టిన చుక్కలు.”

“ఊకో డాక్టరమ్మా.”

“ఈ జాగలు తెలిసింది నాకు, నా దగ్గర పనిచేసే నర్సుకు. ఇంక ఒక్కరికి…”

“ఊకో! నేనే పెట్టిన అన్న గదా. బరాబర్ నేనే. యాడ వెయ్యమంటె ఆడ వేలిముద్ర వేస్త. ఇగ అడగకు. నీకు దండం పెడ్త, అడగకు.”

“ఇగ సాలు నాయినా.”

పరదా పక్కకు జరిగింది. మల్లిక గోడ పట్టుకొని నిలబడి ఉంది.

“లేసినవెందుకు బిడ్డా? పడిపోతవు. ఇగో, ఈ కుర్చీల కూసో. గోడకు ఒరుగు.”

“నేనే కాల్చుకున్న మేడం. నాయిన మంద కాడ ఉండె. కాలిన వాసన పట్టి ఉరికొచ్చిండు. కడ్డీ నా చేతిల ఉండె.”

“ఎందుకు చెప్తున్నవు? నేను చెప్పుకుంట గదా! డాక్టరమ్మా, అది జ్వరంల మాట్లాడుతున్నది.”

“జ్వరం లేదు నాయినా. ఉన్నది గాని, గంత లేదు.”

“వయసు పిల్ల తనకు తానే కాల్చుకున్నదంటె లోకం ఏమంటదో ఎరుకేనా నీకు? సావబోయిందంటరు. ఎందుకో అని నాలుగు కథలు కడుతరు. తండ్రి కాల్చిండంటె మొరటోడంటరు, గంతే గదా. అననియ్యి!”

“నువ్వు ఊకో అన్నా. మల్లికా… నువ్వా? డిగ్రీ చదివినవు. నేను పెట్టే ప్రతి సూదికి పేరు అడిగి, నోటుబుక్కుల రాసుకున్నవు. నీకు తెలివి ఏడవోయింది? ఒక్క ఫోన్ చేయరాదా నాకు? నేను చేస్తె ‘మేడం, అమ్మమ్మోళ్ల ఊర్ల ఉన్న, మంచిగున్న’ అంటివి! నవ్వుకుంట చెప్తివి!”

“నా మీద మొత్తుకోకున్రి మేడం.”

“మొత్తుకుంట! గోళీలు గూడ నువ్వేనా ఆపింది?”

“నేనే.”

“ఎప్పుడు?”

“మే నెలల మీరు మా ఊర్ల క్యాంపు పెట్టిన తెల్లారి.”

“క్యాంపు తెల్లారా? ఎందుకు?”

“నన్ను ముంగట కుర్చీల కూసోబెట్టిన్రు గద. ‘శివరాత్రికి గోడ పట్టుకొని వచ్చింది, ఇప్పుడు చూడున్రి’ అన్నరు. అందరు సప్పట్లు కొట్టిన్రు. సూదుల ముచ్చట చెప్పిన్రు, సెగ ముచ్చట చెప్పిన్రు. గోళీల ముచ్చట ఎవరు అడగలే.”

“నేను చెప్పిన! ఎవరి మందులు వాళ్ళు ఆపొద్దని అందరికి చెప్పిన!”

“చెప్పిన్రు. చివర్ల, మైకు తీసేసినంక, మీ సామాను సదురుకుంట చెప్పిన్రు. ముందుగాల నన్ను జూపిన్రు. ఆ గోళీలకు నా మొకం గుమ్మడికాయ లెక్క ఉబ్బె. బస్సుల కూసుంటె పక్కనోళ్ళు తిరిగి తిరిగి చూసుడు. నన్ను సూదులే లేపినయ్ అని మీరే అంటిరి, ఇగ గోళీలెందుకు అనుకున్న. నాయినకు మాత్రం చెప్పలే. ఇరవై దినాలు మంచిగనే ఉన్న. నా మొకం నాకు వచ్చింది. అద్దం చూసుకొని మస్తు సంబరపడ్డ. ఆ తర్వాత రక్తం పడ్డది.”

“అప్పుడన్న నాకు…”

“ఏమని చెప్పాలె మేడం? మీరు నా ఫోటో ఈ గోడకు పెట్టుకున్నరు. అగో, అద్దం బిగిచ్చి. వచ్చినోళ్ళందరికి చూపెడుతుంటిరి. నేను ఫోన్ జేసి, ‘మేడం, మళ్ళ పడుతున్నది’ అని ఎట్ల అనాలె?”

“తిడుతననుకున్నవా?”

“తిట్టినా మంచిగుండు. మీరు చిన్నవోతరనుకున్న.”

“పిచ్చిదానివా మల్లికా…”

“సెగ సరిపోతలేదేమో, జర గట్టిగ తగలాలెనేమో అనుకున్న. మీరు ఎడంల పట్టుకుంటిరి గద. చిన్నప్పటి సంది చూస్తున్న, మచ్చ పడితేనే జీవం లేస్తది. మీ జాగలే పెట్టిన. మీ కొలతనే. మా కడ్డీ తోని. రెండు కలిస్తె పోతదనుకున్న.”

“బిడ్డా, ఇగ మాట్లాడకు. పెదవులు తెల్లగైనయ్. ఈ నీళ్ళు ఒక్క గుక్క మింగు.”

“బండి సప్పుడు ఇనవడుతున్నది నాయినా.”

“నేను తోలేస్త బండిని. నీకు మాటిచ్చిన గదా.”

“ఆ మాట వాపసు తీసుకున్న. ఇగ లేదు నీ మీద.”

“సంచి కడుతరు బిడ్డా.”

“కడితె కడుతరు. నా బట్టలు ఇన్ని దినాలు ఉతికినవు, సంచి కడుగవా?”

“…కడుగుత. ఎందుకు కడుగ? లే, నా బుజం పట్టుకో. డాక్టరమ్మా, చూసుకుంట నిలవడ్డవేంది? అటు దిక్కు నువ్వు పట్టు!”

“పట్టుకున్న. మెల్లగ. మెట్టు ఉన్నది, చూసుకో. మల్లికా, భయపడకు, నేను గూడ వస్తున్న. దార్లనే పట్నం డాక్టరుకు ఫోన్ చేస్త. కాలిన మచ్చల ముచ్చట నేనే చెప్త. ఎవరు నిన్నొక మాట అడగకుంట చూసుకుంట.”

“ఆ డాక్టరుకు తర్వాత చెయ్యున్రి మేడం.”

“తర్వాత ఏంది? ముందుగాల ఆయనకే చెయ్యాలె.”

“కాదు. ముందుగాల మా ఊరి నాగరాణక్కకు చెయ్యున్రి. ఆమెవి ఫిట్స్ గోళీలు. లీలమ్మవ్వవి షుగరువి. క్యాంపుల నన్ను జూసి మీ దగ్గరికొచ్చిన తొమ్మిది మంది, గోళీలు లేకుంట ఎట్ల బాగైనవని నన్ను అడిగిన్రు. అప్పుడు నేను మంచిగున్న మేడం… అందరితోని గోళీలు ఆపిచ్చిన.”

సంధ్య ఫోను చెవికి ఆనించుకొని, చెప్పులు కూడా వేసుకోకుండా బండెక్కింది. పరశురాములు ఒక్క నిమిషం ఆగమని డ్రైవరుకు చెయ్యి చూపి వెనక్కు వచ్చాడు. లోపల దీపాలు ఆర్పి, ఆమె చెప్పులు చంకలో పెట్టుకొని, వైద్యశాల తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి గొళ్ళెం పెట్టాడు.